ఆరుద్ర ఎరుపు, గుంటూరు ఎరుపు

తొలకరి పడిన మర్నాడు పొలం గట్టు మీద ఎర్రటి మఖమల్ ముక్కలాంటి పురుగు పాకుతూ కనిపిస్తుంది. వేలితో తాకితే కాళ్లు ముడుచుకుని చొక్కా గుండీలా అయిపోతుంది. చిన్నప్పుడు దాన్ని అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్లం. కాస్త మట్టి, ఒక గడ్డిపరక వేసి, గంటకోసారి పెట్టె తెరిచి చూసుకుని మురిసిపోయేవాళ్లం. ఎనిమిది కాళ్లు, సాలెపురుగుకు దగ్గరి చుట్టం. ఆరుద్ర కార్తెలో కనిపిస్తుంది కనుక ఆరుద్ర పురుగు అన్నారు.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రం దగ్గర గడిపే పదమూడు పద్నాలుగు రోజులు. జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆరుద్ర దగ్గరికి చేరతాడు. ఆ రోజుల్లో ఆరుద్ర నక్షత్రం సూర్యుడితోపాటే పొడుస్తుంది, సూర్యుడితోపాటే కుంకుతుంది. పట్టపగలు నెత్తిమీదే ఉన్నా ఎండలో కలిసిపోయి కనబడదు. పురుగు నేల మీద తిరిగే రోజుల్లో చుక్క ఉండదు, చుక్క వెలిగే చలికాలపు రాత్రుల్లో పురుగు ఉండదు. అందుకేనేమో, అగ్గిపెట్టెలో పురుగును అంత శ్రద్ధగా పెంచిన నాకు, దాని పేరున్న చుక్క కూడా ఎర్రగానే ఉంటుందన్న సంగతి డిగ్రీలో చేరాక గాని తెలియలేదు.

జనవరిలో ఏడెనిమిది గంటల వేళ తూర్పు ముఖంగా నిలబడండి. ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి ఎడమపక్కన మెరిసేది ఆరుద్ర. ప్రపంచమంతా దాన్ని బెటెల్‌జ్యూస్ అంటుంది. వాటికి కుడిపక్కన దాదాపు అంతే దూరంలో నీలితెలుపు వెలుగుతో ఉన్నది రైజెల్. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని చూస్తూ రెండు నిమిషాలు గడపండి. అంతవరకు అన్నీ తెల్లచుక్కలే అనుకున్న కంటికి రంగులు తేలడం మొదలవుతుంది. తల కాస్త పైకెత్తితే పిల్లలకోడి దగ్గర రోహిణి. ఆ మాటకు అర్థమే ఎర్రనిది. వేసవి రాత్రుల్లో వచ్చే వృశ్చికం గుండెకాయ జ్యేష్ఠ కూడా ఎర్రచుక్కే. గ్రీకులు దాన్ని తమ కుజుడికి పోటీదారుగా లెక్కగట్టి అంటారెస్ అన్నారు. ఇరవై ఏడు నక్షత్రాల్లో మూడు ఎర్రవి మనకు పేరుపేరునా తెలుసు. అయితే ఆ ఎరుపు ఏం చెబుతోంది?

కమ్మరి కొలిమి దగ్గర కాసేపు నిలబడి చూసినవాళ్లకు సగం జవాబు తెలిసినట్టే. తిత్తి ఊదుతుంటే బొగ్గుల్లో పెట్టిన ఇనుము చాలాసేపు నల్లగానే ఉంటుంది, ముట్టుకుంటే మాత్రం చెయ్యి కాలిపోతుంది. ఆరువందల డిగ్రీల దగ్గర ముదురు ఎరుపు తేలుతుంది. ఇంకా ఊదితే నారింజ, ఆపైన పసుపు, పన్నెండు పదమూడు వందలు దాటితే కళ్లు చెదిరే తెలుపు. కమ్మరి థర్మామీటరు పెట్టి చూడడు. రంగు చూసే సుత్తె ఎత్తుతాడు. ఎరుపు కనిపించిందంటే ఇనుము ఇంకా కాలాలని అతనికి అర్థం.

నక్షత్రాల్లోనూ ఇదే లెక్క. ఎర్రది చల్లన, నీలిది వేడి. ఆరుద్ర ఉపరితలం సుమారు 3,300 డిగ్రీల సెల్సియస్, మన సూర్యుడు 5,500, రైజెల్ దాదాపు 12,000. కుళాయి మీద ఎరుపు అంటే వేడినీళ్లు, నీలం అంటే చన్నీళ్లు అని అలవాటు పడ్డ మనకు ఇది తలకిందులుగా తోస్తుంది గాని, కొలిమికీ ఆకాశానికీ మధ్య మాత్రం ఏ తగువూ లేదు.

ఇక్కడ చాలా పుస్తకాలు దాటేసే ఒక చిక్కుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బులో తీగ వేడి 2,500 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే ఆరుద్ర బల్బుకన్నా వేడిది. బల్బును ఎర్రదీపం అని ఎవరైనా అంటారా? ఆరుద్రను దగ్గరికి తెచ్చి ఒక్కదాన్నే చూపిస్తే మనం దాన్ని పసుపు కలిసిన నారింజ అంటామేగాని ఎరుపు అనం. పక్కన నీలితెలుపు రైజెల్ ఉండబట్టి దాని ఛాయ ఎరుపుగా తేలుతుంది. ఆ పైన, అంత చల్లని నక్షత్రపు వాతావరణంలో టైటానియం ఆక్సైడు లాంటి అణువులు విడిపోకుండా నిలవగలుగుతాయి. అవి కొన్ని రంగులను మింగేస్తాయి. అసలు ఆరుద్ర వెలుగులో పెద్ద వాటా కంటికి ఆనని పరారుణంలో ఉంటుంది, మనం చూస్తున్నది దాని కొసరు మాత్రమే.

చల్లనిదైనా అది చిన్నది కాదు. 1920 డిసెంబరులో అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద మైకెల్సన్, పీజ్ కలిసి సూర్యుడు కాని ఒక నక్షత్రం వెడల్పును మొదటిసారి కొలిచారు. వాళ్లు ఎంచుకున్నది ఆరుద్రనే. దాన్ని తెచ్చి సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య దాకా మింగేస్తుంది. నక్షత్రం వయసు మీరి ఉబ్బిపోయినప్పుడు పై పొర కేంద్రానికి దూరమై చల్లబడుతుంది. ఆరుద్ర ఎరుపు ఆ వార్ధక్యపు ఎరుపు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో దక్షిణ దిగంతానికి దగ్గరగా, రెటిక్యులం అనే చిన్న రాశిలో, వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక చుక్కను పట్టుకున్నారు. దానికి ఆర్ రెటిక్యులీ అని పేరు. అదీ ఇలా ఉబ్బి, ఊపిరి తీస్తున్నట్టు పొంగుతూ కుంగుతూ ఉండే ఎర్రచుక్కే. రఘునాథాచారి పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆకాశంలో కనిపించే ప్రతి ఎరుపుకూ కొలిమి లెక్క వర్తిస్తుందనుకుంటే పొరపాటు. సాయంత్రం సూర్యుడు ఎర్రబడినప్పుడు చల్లారిపోలేదు కదా. పొద్దుగూకే వేళ వెలుగు గాలిపొరలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించాలి. దారిలో గాలి అణువులు నీలిని అటూ ఇటూ చెదరగొట్టేస్తాయి, ఎరుపు మిగిలి మన దాకా వస్తుంది. ఇది జల్లెడ పట్టిన ఎరుపు. 2025 సెప్టెంబరు 7 రాత్రి పదకొండు నుంచి గంటా ఇరవై రెండు నిమిషాలపాటు చంద్రుడు రాగిచెంబు రంగులో వేలాడిన దృశ్యం మబ్బు లేని ఊళ్లవాళ్లు చూసే ఉంటారు. ఆ వేళ భూమి సూర్యుడికి అడ్డంగా ఉంది. భూమి చుట్టూ ఉన్న గాలిపొరలో వంగి, జల్లెడపడి, చంద్రుడి మీద పడిన వెలుగు అది. ఆ సమయంలో చంద్రుడి మీద నిలబడి ఇటు చూస్తే నల్లటి భూమి చుట్టూ సన్నని ఎర్ర వలయం కనిపిస్తుంది. భూమ్మీద ఆ క్షణాన జరుగుతున్న సూర్యోదయాలూ సూర్యాస్తమయాలూ అన్నీ కలిసి ఆ వలయం. మన గాలిలో బూడిద ఎక్కువైతే గ్రహణ చంద్రుడు నల్లబడతాడు కూడా. 1963లో బాలి ద్వీపంలో అగుంగ్ అగ్నిపర్వతం పేలిన ఏడాది చివర, డిసెంబరు 30న పట్టిన గ్రహణంలో చంద్రుడు దాదాపు మాయమైపోయాడు.

నక్షత్రాల మధ్య కూడా ఇలాంటి జల్లెడ ఉంది. అక్కడ గాలి లేదు, దుమ్ముంది. దూరపు నక్షత్రాల వెలుగు ఆ దుమ్ములోంచి వస్తూ నీలిని పోగొట్టుకుని ఎర్రబడుతుందని 1930లో ట్రంప్లర్ రుజువు చేశాడు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఒక చుక్క ఎర్రగా కనిపించింది. అది నిజంగా చల్లని నక్షత్రమా, దుమ్ము వెనక దాక్కున్న మండే నీలి నక్షత్రమా? రంగు ఒక్కటే చూసి తేల్చలేం. ఒక్కోసారి రెండూ కలుస్తాయి. 2019 చివర్లో ఆరుద్ర ఉన్నట్టుండి మసకబారి, 2020 ఫిబ్రవరి నాటికి వెలుగు సగానికన్నా తక్కువకు పడిపోయింది. పేలిపోతుందేమోనని లోకమంతా మెడలెత్తి చూసింది. తర్వాత తేలిందేమిటంటే, ఆ నక్షత్రం కక్కిన వాయువు చల్లారి దుమ్ముగా మారి మనకూ దానికీ మధ్య తెరలా నిలిచింది, దాని ఉపరితలంలో కొంత భాగమూ చల్లబడింది.

అంగారకుడి ఎరుపు వేరే. అది ఇనుము తుప్పు, మన ఎర్రమట్టి నేలల్లో ఉన్న ఇనుము ఆక్సైడుల కుటుంబమే. ఇప్పుడు నాకు చెప్పాలని ఉన్నది మరో ఎరుపు గురించి. వేడితోనూ జల్లెడతోనూ వచ్చేది కాదు అది. నిప్పుకణికలా పరుచుకుని ఉండదు, ఒకే ఒక్క సన్నగీతలో ఉంటుంది. దాన్ని మనుషులు గుర్తుపట్టిన చోట్లలో గుంటూరు ఒకటి.

గుంటూరు ఎరుపు అంటే అందరికీ మిరపకాయే గుర్తుకొస్తుంది. 1868 ఆగస్టు 18 ఉదయం గుంటూరు ఆకాశంలో కనిపించిన ఎరుపు గురించి ఆ ఊళ్లోనే చాలామందికి తెలియదు. అది నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ అరేబియా వైపు నుంచి వచ్చి, దక్కను మీదుగా, కృష్ణా తీరం దాటి, మచిలీపట్నం దగ్గర బంగాళాఖాతంలోకి దిగి, సియాం దేశం మీదుగా సాగింది. సియాం రాజు మోంగ్‌కుట్ స్వయంగా లెక్కలు కట్టి గ్రహణం చూడబోయిన చోట మలేరియా పట్టుకుని, అక్టోబరు 1న కన్నుమూశాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. మన రఘునాథాచారి మరో బృందాన్ని తీసుకుని వనపర్తి వెళ్లారు. గుంటూరులో రెండు బృందాలు దిగాయి. ఒకటి బ్రిటిష్ సైన్యపు మేజర్ టెనెంట్‌ది, రెండోది ఫ్రాన్సు నుంచి ఓడెక్కి వచ్చిన పియర్ జూల్ జాన్సెన్‌ది. జాన్సెన్‌కు చిన్ననాటి ప్రమాదం వల్ల కాలు కుంటి. అయినా గ్రహణం ఎక్కడుంటే అక్కడికి పోయేవాడు. రెండేళ్ల తర్వాత పారిస్‌ను శత్రుసైన్యం ముట్టడించి ఉన్నప్పుడు, ఇంకో గ్రహణం కోసం బెలూన్ ఎక్కి నగరం దాటి అల్జీరియా చేరాడు. తీరా చేరితే మబ్బు పట్టింది. గుంటూరులో మాత్రం ఆకాశం అతనికి కలిసొచ్చింది.

సంపూర్ణ గ్రహణ వేళ నల్లటి చంద్రబింబం అంచున గులాబీ ఎరుపు జ్వాలలు లేచి కనిపిస్తాయి. 1842 గ్రహణంలో అందరి చూపూ వాటి మీద పడింది. అవి చంద్రుడివా సూర్యుడివా అని కొన్నేళ్లు వాదులాడుకున్నారు. 1860లో తీసిన ఫొటోలతో అవి సూర్యుడివేనని తేలింది. కాని అవి దేనితో చేసినవి? మేఘాలా, కొండలా, మంటలా? ఆ ప్రశ్న అడగడానికి పనికొచ్చే పరికరం 1859 తర్వాత గాని చేతికి రాలేదు. పట్టకం పెట్టి వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపు అది. ఘనపదార్థం కాలి వెలిగితే రంగులన్నీ ఎడతెగకుండా పరుచుకుంటాయి. పలచని వాయువు వెలిగితే విడివిడి గీతలు వస్తాయి. ఏ మూలకానికి ఏ గీతలో కిర్షాఫ్, బున్సెన్ తేల్చి చెప్పారు. ఆ పరికరం చేతికొచ్చాక అంత దీర్ఘమైన గ్రహణం ఇదే మొదటిది.

గుంటూరులో సూర్యుడు పూర్తిగా మరుగుపడి ఉన్నది ఐదు నిమిషాలకు పైచిలుకు. జాన్సెన్ తన స్పెక్ట్రోస్కోపు చీలికను ఆ జ్వాల మీదికి తిప్పాడు. రంగులు ఎడతెగకుండా పరుచుకోలేదు. నల్లని నేపథ్యం మీద నాలుగైదు గీతలు జిగేలుమన్నాయి, వాటిలో ఒకటి కంటికి కొట్టొచ్చే ఎరుపు. ప్రయోగశాలలో హైడ్రోజన్ గొట్టంలో విద్యుత్తు పంపినప్పుడు ఏ చోట గీత వస్తుందో సరిగ్గా ఆ చోట. జ్వాలలు కొండలు కావు, మబ్బులూ కావు. మండుతున్నట్టు వెలిగే హైడ్రోజన్ వాయువు.

ఇంతవరకు మచిలీపట్నంలోనూ ఇతర చోట్లా ఉన్నవాళ్లు కూడా చూశారు. జాన్సెన్ గొప్పతనమంతా ఆ తర్వాతి ఆలోచనలో ఉంది. గీతలు అంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అనుకున్నాడు. మామూలు రోజుల్లో జ్వాలలు కనబడకపోవడానికి కారణం అవి లేకపోవడం కాదు, చుట్టూ ఆకాశం ధగధగలాడుతూ వాటిని ముంచేయడం. బిందెడు నీళ్లు వాకిట్లో చల్లితే నేలంతా పరుచుకుని తడిపొర మాత్రం మిగులుతుంది. అవే నీళ్లు సన్నని బోదెలో పోస్తే నిండుగా పారతాయి. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కనుక స్పెక్ట్రోస్కోపు దాన్ని వాకిట్లో నీళ్లలా పరిచి పలచన చేసేస్తుంది. జ్వాల వెలుగు నాలుగైదు గీతల్లోనే ఉంది కనుక బోదెలో నీళ్లలా నిండుగానే నిలుస్తుంది. పరికరం బలం పెంచేకొద్దీ ఆకాశం మసకబారుతుంది, గీత అలాగే ఉంటుంది.

గ్రహణం విడిచాక మబ్బులు కమ్మాయి. మర్నాడు తెల్లవారగానే, ఆగస్టు 19న, జాన్సెన్ చీలికను సూర్యబింబం అంచుకు ఆనించి పెట్టాడు. ఎర్రగీత అక్కడే ఉంది! చీలికను కొద్దికొద్దిగా జరుపుతూ పోతే గీత ఒకచోట పొడవు, ఒకచోట పొట్టి. ఆ కొలతలన్నీ పక్కపక్కన పేర్చితే జ్వాల ఆకారం వచ్చేసింది. ముందురోజు అంతెత్తున లేచిన జ్వాలలు ఆకారం మార్చేసుకున్నాయి. గ్రహణం ఐదు నిమిషాల్లో ముగిసిపోయింది, జాన్సెన్‌కు మాత్రం రెండు వారాలకు పైగా సాగింది. రోజూ చూశాడు, రోజూ గీశాడు.

ఆ వార్తను సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ఉత్తరం రాసి పారిస్‌లోని సైన్స్ అకాడమీకి పంపాడు. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్, గుంటూరు సంగతి తెలియకుండానే, ఇదే పద్ధతిలో అక్టోబరు 20న జ్వాలలను గ్రహణం లేకుండా చూశాడు. ఇద్దరి కబురూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో అకాడమీ ముందుకు వచ్చింది. ఎవరు ముందన్న తగువు పెట్టకుండా ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ముద్రించి పతకం పోయించింది.

గుంటూరు అనగానే చాలామంది హీలియం పుట్టినూరు అంటారు. ఈ మాట కొంచెం సవరించి చెప్పుకోవాలి. ఆ గీతల్లో పసుపుది ఒకటుంది. చాలామంది దాన్ని సోడియం గీతే అనుకున్నారు. అది సోడియం చోటుకు కాస్త పక్కగా ఉందన్న అనుమానం మచిలీపట్నంలో పాగ్సన్‌కు కలిగింది. లాకియర్ జాగ్రత్తగా కొలిచి అది భూమ్మీద ఎరిగిన ఏ మూలకానిదీ కాదని నిలబడ్డాడు, సూర్యుడి పేరు మీద హీలియం అన్నాడు. భూమ్మీద అది రామ్సే చేతికి దొరికింది 1895లో. కనుక హీలియం కీర్తి చాలామంది పంచుకోవాల్సినది. గుంటూరుకు నిస్సందేహంగా చెందవలసింది ఆ ఎర్రగీత. గ్రహణం కోసం కాచుకు కూర్చోకుండా సూర్యుణ్ణి ఏ రోజైనా పరీక్షించే మార్గం ఆ ఊళ్లో, ఆ ఎర్రగీత పట్టుకుని మొదలైంది.

ఆ గీత తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు. ఖగోళ శాస్త్రవేత్తలు దాన్ని హైడ్రోజన్ ఆల్ఫా అంటారు. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాను నిలవడానికి మెట్లున్నాయి. మూడో మెట్టు మీదినుంచి రెండో మెట్టుకు దిగినప్పుడు ఆ తేడా శక్తి వెలుగై బయటపడుతుంది. మెట్ల ఎత్తు ఎక్కడైనా ఒకటే, గుంటూరు ప్రయోగశాలలోనైనా, సూర్యుడి అంచునైనా. అందుకే ఆ ఎరుపు కూడా ఎక్కడైనా ఒకటే. ఈ మెట్ల లెక్క నీల్స్ బోర్ 1913లో చెప్పాడు. విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది హైడ్రోజనే అని సెసిలియా పెయిన్ 1925లో తన పరిశోధన గ్రంథంలో చూపింది. ఆమె దానికి ఆధారం చేసుకున్నది మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన సూత్రం. నక్షత్రపు గీతలను చూసి దాని వేడి ఎంతో చెప్పగల సూత్రం అది. దుమ్ము రంగును మార్చగలదు గాని గీత చోటును జరపలేదు. ఎర్రగా కనిపించే చుక్క చల్లనిదా, దుమ్ము వెనక ఉన్న వేడిదా అన్న ఇందాకటి చిక్కు అలా విడిపోయింది.

ఇప్పుడు మళ్లీ జనవరి ఆకాశానికి వద్దాం. ఆ మూడు చుక్కల వరుసకు కుడివైపు కాస్త కిందుగా చీకటి రాత్రి మసకమసకగా ఒక మరక కనిపిస్తుంది. అదే ఒరాయన్ నీహారిక, సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం. దాని ఫొటోలు ఎర్రగులాబీల్లా ఉంటాయి. ఆ ఎరుపంతా గుంటూరు ఎరుపే. మేఘం మధ్యలో 35 వేల డిగ్రీలు దాటిన నీలి నక్షత్రం ఒకటి ఉంది. దాని అతినీలలోహిత కిరణాలు హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడబెరుకుతాయి. ఊడిన ఎలక్ట్రాన్లు మళ్లీ వచ్చి చేరుతూ మెట్లు దిగుతాయి, దిగుతూ ఎర్రగా వెలుగుతాయి. అంటే మేఘం ఎర్రగా ఉందంటే అందులో ఎక్కడో భగభగలాడే నీలి నక్షత్రం ఉన్నట్టు. ఆరుద్ర ఎరుపు చల్లబడిన ముసలితనాన్ని చెబుతుంటే, దానికి జానెడు దూరంలో ఉన్న నీహారిక ఎరుపు మండే పసితనాన్ని చెబుతోంది. ఒకే రంగు, ఒకే ఆకాశపు మూల, పూర్తిగా ఎదురెదురు కబుర్లు.

నేను మొదటిసారి ఆ నీహారికను టెలిస్కోపులో చూసినప్పుడు గుండె జారిపోయింది. ఎరుపు లేదు. బూడిద రంగు పొగ, కాస్త పచ్చని ఛాయ. టెలిస్కోపు మంచిది కాదేమోననుకున్నాను. తప్పు దానిది కాదు, నా కంటిది. ఇంటి ముందు మందార చెట్టుంటే ఏ సాయంత్రమైనా మీరే చూడొచ్చు. వెలుతురు ఉన్నంతసేపు పువ్వు ఆకులకన్నా ఎక్కువగా మెరుస్తుంది. సందె చీకటి పడేకొద్దీ పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు మాత్రం బూడిద రంగులో ఇంకా తెలుస్తూనే ఉంటాయి. రెండు వందల ఏళ్ల కిందట పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పువ్వుల్లోనే ఈ సంగతి గమనించాడు. పగలు పనిచేసే శంకు కణాలు చీకట్లో విరమించుకుంటాయి, దండ కణాలు పని అందుకుంటాయి. ఆ దండ కణాలకు నీలిపచ్చ బాగా ఆనుతుంది, ముదురు ఎరుపు దాదాపు ఆనదు. హైడ్రోజన్ ఆల్ఫా పడేది సరిగ్గా అవి చూడలేని చోటే. విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న పదార్థపు రంగు, చీకట్లో మన కంటికి కనబడని రంగు అయింది.

నక్షత్రాలు చూసేవాళ్లు ఈ లోపాన్ని తెలివిగా వాడుకుంటారు. టార్చిలైటు మూతికి ఎర్రకాగితం కట్టుకుంటారు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట పడుతుంది, ఒక్క తెల్లదీపం ఆ అరగంటనూ క్షణంలో పాడుచేస్తుంది. మసక ఎర్రదీపంలో పటం చదువుకోవచ్చు, దండ కణాలు చలించవు.

కెమెరాలూ ఈ విషయంలో మన కంటి పక్షమే. మనం చూసే రంగుల్లాగే రావాలని డిజిటల్ కెమెరా సెన్సారు ముందు ఒక ఫిల్టరు పెడతారు. అది పరారుణంతోపాటు హైడ్రోజన్ ఆల్ఫాలోనూ చాలా భాగాన్ని ఆపేస్తుంది. నీహారికల ఫొటోలు తీసేవాళ్లు ఆ ఫిల్టరును ఊడదీయించుకుంటారు. 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన సృష్టి స్తంభాల ఫొటో అందరూ చూసిందే. అందులో హైడ్రోజన్ ఎర్రగా కాదు, పచ్చగా ఉంటుంది. దగ్గర్లోనే 672 నానోమీటర్ల ప్రాంతంలో గంధకం గీతలున్నాయి, అవీ ఎరుపే. రెండిటికీ నిజమైన రంగు వేస్తే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకని గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు పచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. కొందరు దీన్ని మోసమంటారు. నేను అననుగాక అనను. కంటికి ఒకటిగా తోచే రెండు ఎరుపులను విడదీసి చూపడం కన్నా నిజాయితీ ఏముంది?

చివరగా, పేరులో ఎరుపు ఉండి ఎరుపు కానిది ఒకటుంది. రెడ్‌షిఫ్ట్. 1963 ఫిబ్రవరి 5న అమెరికాలో మార్టిన్ స్మిట్ కన్యారాశిలోని 3సి 273 అనే వింత చుక్క గీతలు ముందేసుకుని తల పట్టుకున్నాడు. ఏ మూలకానికీ సరిపోవడం లేదు. గీతల మధ్య ఎడాలు మాత్రం ఎక్కడో చూసినట్టున్నాయి. చటుక్కున తట్టింది, ఇవి హైడ్రోజన్ గీతలే, ఒక్కొక్కటీ తన చోటు నుంచి 16 శాతం జరిగి ఉంది. అది నిజమైతే 656.3 దగ్గరి ఎర్రగీత 760 దగ్గరికి, కంటి చూపు సరిహద్దు దాటి పరారుణంలోకి పోయి ఉండాలి. ఓక్ అనే మరో శాస్త్రవేత్తకు అంతకుముందే అక్కడ ఒక గీత కనిపించి ఉంది, ఎవరిదో తెలియలేదు. ఆ గీతే అది. ఆ చుక్క మన పాలపుంతలోది కాదు, రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలకు అవతలిది. విశ్వం వ్యాకోచించడం వల్ల దాని వెలుగు అలలు సాగి వచ్చాయి. దాని వెలుగులో అతినీలలోహితం వైపు బలం ఎక్కువ కనుక ఇంత జరిగాక కూడా ఆ చుక్క నీలిఛాయలోనే కనిపిస్తుంది. రెడ్‌షిఫ్ట్ అంటే ఎర్రబడటం అనుకునేవాళ్లకు ఈ నీలిచుక్కను చూపిస్తే చాలు. ఎరుపుగా మారడం దాని అర్థం కాదు, ప్రతి గీతా పొడుగు తరంగాల దిక్కుకు జరగడం. గుంటూరు ఎరుపు అలా జరిగి ఎరుపును దాటిపోయింది.

కిందటేడు శీతకాలంలో గుంటూరు జిల్లాలో ఒక పల్లె బడి ఆవరణలో చిన్న సౌర టెలిస్కోపు పెట్టాం. హైడ్రోజన్ ఆల్ఫా తప్ప మరే వెలుగునూ రానివ్వని ఫిల్టరు దాని లోపల బిగించి ఉంటుంది, నానోమీటరులో పదో వంతుకన్నా సన్నని సందు. (మామూలు టెలిస్కోపుతో సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది, ఈ మాట పిల్లలకు పదిసార్లు చెప్పాం.) ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వంతు వచ్చాక కన్ను ఆనించి చాలాసేపు లేవలేదు. వెనక వరుసలో వాళ్లు గోల మొదలుపెట్టారు. లేచి తన నోటుబుక్కులో గుండ్రంగా గీసి, అంచున కుడిపక్కన ఒక చిన్న వంకీ వేసి, కింద 10.20 అని రాసుకుంది. అందరి వంతూ అయ్యాక మళ్లీ వచ్చింది. ఈసారి వంకీ పొడుగైంది, కొస తెగి విడిగా తేలుతోంది. "ఇందాక ఇట్లా లేదు సార్" అంది. పక్కనే ఇంకో గుండ్రం గీసి, తెగిన కొసను కూడా వేసి, కింద 11.05 అని రాసింది.